సోవియట్ చెంచాల వెనక ముద్రలు: వెండా, పూతా, ఏ కాలానివి?

అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మీ నాన్నగారికి, తిరిగి వెళ్ళిపోతున్న సోవియట్ ఇంజనీరు ఒకాయన ఒక పెట్టె ఇచ్చారు. అందులో ఆరు చెంచాలు, ఆరు ఫోర్కులు, ఆరు కత్తులు ఉన్నాయి. విడిగా టీ గ్లాసుకు తొడిగే పిడి ఉన్న తొడుగు ఒకటి, దాని మీద ఉపగ్రహం బొమ్మ. చెంచా వెనక "ఎం, హెచ్, తోకున్న యు", దాని పక్కన మళ్ళీ అదే తోక అక్షరం, ఆ తర్వాత "2 పి 50 కె". కత్తుల మీద "హెచ్, ఈ, పి, పురుగులాంటి అక్షరం". తొడుగు అడుగున "3, తిరగబడిన ఎన్, సున్నా". పెట్టె అడుగున పంచకోణం ముద్ర. ఇవి వెండివేనా, ఏ ఏటివి, ఎలా తోమాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు. చెంచాలు, ఫోర్కులు వెండివి కావు. మన దుకాణాల్లో జర్మన్ సిల్వర్ అంటామే, ఆ లోహంతో చేసి, బహుశా పైన వెండి పూత వేసినవి. వాటి కాలం 1961కీ 1991కీ మధ్య. పెట్టె వాటిదే అయితే 1967 తర్వాతవి అనుకోవచ్చు. టీ గ్లాసు తొడుగు 1957 అక్టోబరు తర్వాతది. కత్తుల మీద ముద్ర పిడి గురించి కాదు, అలుగు గురించి. ఇంతకంటే దగ్గరగా, ఫలానా ఏడాది అని చెప్పాలంటే పెట్టెలో కాగితం దొరకాలి. ముద్రలతో మాత్రమే అది తేలదు. ఎందుకో కింద రాస్తాను.

అక్షరాలు చదవడం

సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. రష్యన్ అక్షరాలు కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటాయి కానీ పలుకు వేరు. ఇంగ్లీషు హెచ్‌లా కనిపించేది "న". పి‌లా కనిపించేది "ర". సి‌లా కనిపించేది "స". అందుకే వస్తువు మీద "సీసీసీపీ" అని కనిపించేది నిజానికి ఎస్ఎస్ఎస్ఆర్, అంటే సోవియట్ యూనియన్. గడప లేని ద్వారబంధంలా ఉన్న అక్షరం "ప". గుడారంలా ఉన్నది "ల". అంకె 3లా ఉన్నది చాలాసార్లు అంకె కాదు, "జ" అనే అక్షరం (ఇంగ్లీషు జెడ్ పలుకు). తిరగబడిన ఎన్ "ఇ". మూత లేని పెట్టెలా ఉండి కుడివైపు అడుగున చిన్న తోక ఉన్నది "త్స". నిలువు గీతకు ఇరువైపులా రెండేసి కాళ్ళలా, పురుగులా ఉన్నది "ఝ" లాంటి పలుకు.

ఇప్పుడు మీ ముద్ర చదివితే, మొదటి మూడు అక్షరాలు "ఎం-ఎన్-త్స". రష్యన్‌లో మేద్, నికెల్, త్సింక్. అంటే రాగి, నికెల్, జింకు. అది తయారీదారు పేరు కాదు, లోహం పేరు. దాని పక్కన ఒంటరిగా ఉన్న "త్స" మాత్రం జింకు కాదు, "త్సెనా", అంటే ధర. ఒకే అక్షరం ఒకే చెంచా మీద రెండు పనులు చేస్తుంది కాబట్టి చాలామంది రెండో దాన్ని కూడా లోహంలో కలిపి చదువుతారు. "2 పి 50 కె" అంటే 2 రూబుళ్ళ 50 కోపెక్కులు. సోవియట్ దేశంలో ధర ప్రభుత్వమే ఖాయం చేసేది. మారదన్న నమ్మకంతో దాన్ని లోహం మీదే అచ్చు కొట్టేవారు. కాలం తేల్చడానికి ఇది గొప్ప ఆధారం, దీనికి మళ్ళీ వస్తాను.

ముద్ర సరిగా కనిపించకపోతే గోటితోనో సూదితోనో గీకకండి. వేలితో కాస్త టాల్కం పౌడరు రాసి పైపైన గుడ్డతో తుడవండి. గాట్లలో పౌడరు నిలిచి అక్షరాలు తెల్లగా తేలతాయి. టార్చిలైటు పైనుంచి కాకుండా దాదాపు నేలబారుగా, పక్కనుంచి వెయ్యాలి. పది రెట్ల భూతద్దం చాలు. మరీ అరిగిపోయిన ముద్ర మీద పల్చటి కాగితం పరచి మెత్తటి పెన్సిలు అడ్డంగా రుద్దితే, కంటికి ఆననిది కాగితం మీద వస్తుంది. ఫోన్ ముందు కెమెరాతో తీస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడే అవకాశం ఉంది. ఆ తిరగబడిన ఎన్ మామూలు ఎన్ అయిపోయి, చదివేవాళ్ళు తప్పుదారి పడతారు.

లోహం ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సోవియట్ బల్ల సామానులో ప్రధానంగా మూడు లోహాలు. ఒకటి నెయ్‌జిల్బెర్, అంటే మీ ఎం-ఎన్-త్స. ఇందులో సుమారు 15 శాతం నికెల్, 20 శాతం జింకు, మిగతాది రాగి. పేరు జర్మన్ మాట, "కొత్త వెండి" అని అర్థం. వెండి చుక్క కూడా ఉండదు. రెండోది మెల్ఖియోర్. 80 శాతం రాగి, 18 నుంచి 20 శాతం నికెల్, జింకు ఉండదు. దీని పేరు ముద్రలో పూర్తిగానో పొట్టిగానో ఉంటుంది: ఎం, ఈ, గుడారం, చిన్న బి లాంటి గుర్తు, అడ్డంగా కోసుకున్న రెండు గీతలు. మూడోది తుప్పు పట్టని ఉక్కు.

రష్యన్ ఇళ్ళల్లో మొదటి రెంటినీ కలిపి మెల్ఖియోర్ అనేస్తారు. మనం స్టీలు కాని తెల్లటి గిన్నెలన్నిటినీ జర్మన్ సిల్వర్ అనేసినట్టే. కాబట్టి అమ్మేవాళ్ళు మెల్ఖియోర్ అన్నా ముద్ర ఎం-ఎన్-త్స అయితే ముద్రనే నమ్మండి.

ముఖ్యమైన సంగతి: ఈ ముద్ర అడుగు లోహాన్నే చెబుతుంది, పూత సంగతి చెప్పదు. ఎం-ఎన్-త్స మీద వెండి పూత ఉండొచ్చు, నికెల్ పూత ఉండొచ్చు, ఏ పూతా లేకుండా ఉత్త మెరుగుతోనే ఉండొచ్చు, చెంచా గుంటలో బంగారు పూత కూడా ఉండొచ్చు. పూత ఏమిటో కంటితో, పరీక్షతో తేల్చుకోవాలి.

కత్తుల మీద ఉన్నది "నెర్ఝ్". "తుప్పు పట్టని" అన్న మాటకు పొట్టి రూపం. అది అలుగు మీద కొట్టి ఉంది కాబట్టి అలుగుకే వర్తిస్తుంది. పిడి వేరే లోహం, చాలావరకు బోలుగా ఉండి వెండి పూత వేసినది. అలుగు మీద ముద్ర చూసి కత్తులన్నీ స్టీలువని పక్కన పడేసేవాళ్ళున్నారు. ఆ తప్పు చెయ్యకండి. చెంచా కాడ మీదే నెర్ఝ్ ఉంటే మాత్రం అది స్టీలు చెంచాయే.

నిజం వెండి అయితే ఏం ఉండాలి

ఇది తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి. సోవియట్ దేశంలో వెండి వస్తువు ప్రభుత్వ తనిఖీ ముద్ర లేకుండా దుకాణానికి వచ్చేది కాదు. ఆ ముద్ర కాలాన్ని బట్టి మారింది.

1927 నుంచి 1958 దాకా సుత్తి పట్టిన కార్మికుడి తల, పక్కన నాణ్యత అంకె. 1958 నుంచి ఐదు మొనల నక్షత్రం, లోపల సుత్తీ కొడవలీ, పక్కన అంకె. అంకె ఎక్కువగా 875 (వెయ్యి పాళ్ళలో 875 వెండి అని), కొన్నిటి మీద 916. సోవియట్ యూనియన్ పోయాక, 1994 నుంచి, కకోష్నిక్ అనే కిరీటంలాంటి తలపాగా పెట్టుకున్న స్త్రీ తల వచ్చింది. ఇదే స్త్రీ తల విప్లవానికి ముందు, జారు చక్రవర్తుల కాలంలోనూ ఉంది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఎడమవైపు చూసేది, 1908 నుంచి కుడివైపు చూసేది. అప్పటి అంకె 84. 96 పాళ్ళలో 84 వెండి అని అర్థం. లెక్క కడితే 87.5 శాతం, అంటే తర్వాతి 875 అదే నాణ్యత. స్త్రీ తల కనిపించగానే "జారు కాలంది" అనుకోకుండా, పక్కన 84 ఉందా, 875 లేదా 925 ఉందా చూడండి.

తనిఖీ ముద్ర పక్కన, వేరే అచ్చుతో, తయారీదారు ముద్ర ఉంటుంది. 1958 తర్వాతి వాటిలో రెండు మూడు అక్షరాలతో పాటు ఏడాది చివరి అంకె కలిసి ఉంటుంది. 6 అంటే 1966 కావచ్చు, 76 కావచ్చు. దశాబ్దాన్ని మిగతా ఆధారాలతో తేల్చాలి. అయినా ఇది పెద్ద వరం. పూత సామానుకు ఈ తనిఖీ లేదు, అందుకే ఈ అంకె కూడా లేదు. మీ చెంచాల ఏడాది ఇంత కచ్చితంగా చెప్పలేనిది అందుకే.

మీ పెట్టె మీది పంచకోణాన్ని నక్షత్రంతో కలపకండి. పంచకోణంలో పడుకోబెట్టిన "కె" అక్షరం, చేతులు చాచిన మనిషి బొమ్మలా కనిపిస్తుంది. అది నాణ్యతా చిహ్నం. 1967లో మొదలైంది. గడియారాల మీద, రేడియోల మీద, ఫ్రిజ్‌ల మీద అన్నిటి మీదా ఉండేది. వెండికీ దానికీ సంబంధం లేదు.

చిన్న ఎనామెల్ టీ చెంచాలు, గుంట బంగారు రంగులో, కాడ మీద రంగుల పూలు ఉన్నవి, వేరే కథ. లెనిన్‌గ్రాడ్‌లోనూ తాల్లిన్‌లోనూ చేసిన అలాంటివి చాలావరకు 916 వెండి మీద బంగారు పూత వేసినవి. చిన్నగా ఉన్నాయని, బంగారు రంగు గిల్టులా ఉందని తీసిపారేయకండి. కాడ వెనక నక్షత్రం వెతకండి.

కాలం తేల్చే పద్ధతి: ముందు కంచె, వెనక కంచె

పూత సామాను ఏడాది నేరుగా రాసి ఉండదు. ప్రతి గుర్తునూ "ఇంతకు ముందుది కాదు" లేదా "ఇంతకు తర్వాతది కాదు" అని రెండు కంచెల్లో ఏదో ఒకటిగా తీసుకోవాలి. కంచెలు ఎన్ని దొరికితే మధ్య జాగా అంత ఇరుకవుతుంది. ఒక్క గుర్తు పట్టుకుని ఏడాది చెప్పేవాళ్ళని నమ్మొద్దు.

*రాత.* మాట చివర, హల్లు తర్వాత, తల మీద ఎడమవైపు చిన్న జెండా ఉన్న బి లాంటి అక్షరం ఉంటే పాత వర్ణక్రమం. 1918 సంస్కరణ దాన్ని మాటల చివరనుంచి తీసేసింది. కాబట్టి అది విప్లవానికి ముందటిది. మాట మధ్యలో ఆ అక్షరం ఇప్పటికీ ఉంది, అది లెక్కలోకి రాదు.

*సంస్థ పేరు.* "అర్తేల్" అన్న మాట ఉంటే అది చేతివృత్తులవాళ్ళ సహకార సంఘం. ఆ సంఘాలను 1956 నుంచి 1960 లోపు ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో కలిపేశారు. కాబట్టి 1960 దాటదు. "సొవ్‌నర్‌ఖోజ్" అని గానీ, దాని పొట్టి రూపం గానీ ఉంటే అది ప్రాంతీయ ఆర్థిక మండలి. విప్లవం తర్వాతి మొదటి ఏళ్ళను మినహాయిస్తే అవి 1957 నుంచి 1965 దాకా మాత్రమే నడిచాయి, ఇంత ఇరుకైన కంచె దొరకడం అరుదు. పేరు "ఎన్-కె" (కంటికి హెచ్, కె) అని మొదలై శాఖ పేరు ఉంటే అది ప్రజా కమిస్సారియట్. 1946 మార్చిలో వాటన్నిటినీ మంత్రిత్వ శాఖలు అన్నారు.

*రైలు సామాను.* గ్లాసు తొడుగుల్లో చాలా రైళ్ళవి. హెచ్, కె, ద్వారబంధం, సి అని కనిపిస్తే "ఎన్-కె-పె-ఎస్", రైల్వే కమిస్సారియట్, 1946కి ముందు. ఎం, ద్వారబంధం, సి అయితే "ఎం-పె-ఎస్", రైల్వే మంత్రిత్వ శాఖ, 1946 తర్వాత. ఒక్క అక్షరం తేడాతో కాలమే మారిపోతుంది.

*ఊరి పేరు.* లెనిన్‌గ్రాడ్ 1924 నుంచి 1991. గోర్కీ 1932 నుంచి 1990. స్తాలిన్ పేరున్న ఊళ్ళ పేర్లు 1961లో మారాయి.

*ప్రమాణం సంఖ్య.* తిరగేసిన ఎల్, ఓ, సి, టి: "గోస్త్", ప్రభుత్వ ప్రమాణం. సంఖ్య తర్వాత గీత పెట్టి ఉన్న రెండంకెలు ఆ ప్రమాణం ఆమోదించిన ఏడాది. "-80" అంటే వస్తువు 1980 నాటిదని కాదు, 1980కి ముందుది కాదని. తర్వాత పదేళ్ళ దాకా కూడా అదే సంఖ్య కొట్టి ఉండొచ్చు.

*ధర.* 1961 జనవరి 1న రూబుల్ మార్చారు. పాత పది రూబుళ్ళు కొత్త ఒక్క రూబుల్ అయ్యాయి. మీ చెంచా ధర 2 రూబుళ్ళ 50. అది పాత డబ్బు అయితే కొత్త లెక్కలో 25 కోపెక్కులు. వెండి పూత వేసిన భోజనపు చెంచాకు ఆ ధర అసాధ్యం. కాబట్టి 1961 తర్వాతది. ఒకే తరహా చెంచా మీద ఇరవై, ముప్పై రూబుళ్ళ ధర కనిపిస్తే పాత డబ్బు అని అనుమానించాలి. రెండో వైపు కంచె కూడా ధరే ఇస్తుంది. 1991లో ధరలు ఒక్కసారిగా పెరిగాయి, 1992 జనవరిలో ప్రభుత్వం చాలా ధరల మీద అదుపు వదిలేసింది. ఆ తర్వాత లోహం మీద ధర కొట్టడానికి అర్థమే లేదు.

*బొమ్మ.* మీ తొడుగు మీద ఉపగ్రహం ఉంది. మొదటి స్పుత్నిక్ 1957 అక్టోబరు 4న పైకి వెళ్ళింది, ఆ బొమ్మ అంతకు ముందు ఉండే వీల్లేదు. మాస్కో విశ్వవిద్యాలయం ఎత్తైన భవనం ఉంటే 1953 తర్వాత. మాస్కో ఒలింపిక్స్ గుర్తులు ఉంటే 1980 చుట్టుపక్కల. బొమ్మ ఎప్పుడూ ముందు కంచె మాత్రమే. అచ్చు బాగుంటే అదే బొమ్మతో ఏళ్ళ తరబడి చేశారు.

మీ గ్లాసు తొడుగు

రష్యన్‌లో దీన్ని పద్‌స్తకాన్నిక్ అంటారు, "గ్లాసు కింద ఉండేది" అని. అడుగున ఉన్నది 3 కాదు, "జ-ఇ-ఓ": జవోద్ ఇమెని ఒర్జొనికిద్జె, అంటే ఒర్జొనికిద్జె అనే సోవియట్ నాయకుడి పేరిట ఫ్యాక్టరీ. ఆ పేరు పెట్టుకున్న ఫ్యాక్టరీలు వేరే కూడా ఉన్నాయి కానీ, గ్లాసు తొడుగు మీద ఉంటే వ్లదీమిర్ ప్రాంతంలోని కొల్చుగినో అనే ఊరిది. అలెక్సాందర్ కొల్చుగిన్ అనే మాస్కో వ్యాపారి 1871లో అక్కడ రాగి పని మొదలుపెట్టాడు. ఆ ఊరికి పేరే ఆయనది. సోవియట్ తొడుగుల్లో మన చేతికి ఎక్కువగా వచ్చేవి అక్కడివే.

తొడుగులు మూడు నాలుగు రకాల పూతలతో చేశారు. నికెల్ పూత, వెండి పూత, వెండి మీద నల్లబరచిన గీతలు, బంగారు పూత. నికెల్‌కీ వెండికీ తేడా తేలిక. వెండి గాలికి ముందు పసుపుగా, తర్వాత గోధుమ రంగుగా, చివరికి నల్లగా మారుతుంది. నికెల్ నల్లబడదు, మసకబారి కాస్త పసుపు ఛాయకు తిరుగుతుంది. గట్టి నియోడిమియం అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి దగ్గరకు తెస్తే, నికెల్ పూత దట్టంగా ఉన్న ఇత్తడి తొడుగు దాన్ని సన్నగా లాగుతుంది. వెండి పూత వేసిన ఎం-ఎన్-త్స లాగదు.

సన్నటి తీగతో జాలీలా అల్లిన తొడుగు అయితే అది ఫిలిగ్రీ. మన కరీంనగర్ వెండి తీగ పని చూసినవాళ్ళకు చప్పున తెలుస్తుంది. నీజ్ని నొవ్‌గొరద్ ప్రాంతంలోని కజకొవొ గ్రామం దీనికి పేరు పడింది. అక్కడివి చాలావరకు వెండి పూత వేసిన రాగి తీగవి. పని వెండి పనిలాగే ఉంటుంది, లోహం మాత్రం రాగి. నక్షత్రం ముద్ర లేకుండా వెండి ధర ఇవ్వకండి.

ముద్ర లేకపోతే, లేదా అనుమానం ఉంటే

ఎం-ఎన్-త్స చెంచా మీద తర్వాత ఎవరో 875 కొట్టి అమ్మిన సందర్భాలున్నాయి. వస్తువును పాడు చెయ్యకుండా ఇంట్లోనే తేల్చుకునే మంచి పరీక్ష నీళ్ళ తూకం. 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు చాలు.

చెంచాను పొడిగా తూయండి. 70 గ్రాములు వచ్చిందనుకుందాం. చెంచా మొత్తం మునిగేంత ఎత్తున్న గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, సున్నా చెయ్యండి. చెంచాను సన్న దారంతో కట్టి, అడుగు తగలకుండా, గోడ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. బుడగలు అంటుకుంటే ఆడించి వదిలించండి. ఇప్పుడు త్రాసు చూపించే అంకె చెంచా తోసిన నీళ్ళ బరువు. 70ని ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 875 వెండి అయితే త్రాసు సుమారు 6.8 చూపాలి, సాంద్రత 10.3. ఎం-ఎన్-త్స అయితే 8 గ్రాముల దగ్గర, సాంద్రత 8.7. మెల్ఖియోర్ 7.9, సాంద్రత 8.9. వెండికీ మిగతావాటికీ గ్రాముకు పైగా తేడా ఉంటుంది కాబట్టి తప్పు పడే అవకాశం తక్కువ. బోలు పిడి కత్తులకు ఇది పనికిరాదు. లోపల గాలో, లక్కలాంటి పూరకమో ఉంటుంది.

గీటురాయి, ఆమ్లం పరీక్ష పూత సామానుకు మోసకారి. పైపైన గీస్తే గీటు వెండి గీటే వస్తుంది, ఆమ్లం వెండి అనే చెబుతుంది. లోపలి లోహం తెలియాలంటే ఆకురాయితో గాటు పెట్టాలి. అక్కడితో పూత పోయింది, వస్తువు అందమూ పోయింది. కంసాలి దగ్గరికి తీసుకెళ్తే "గాటు పెట్టొద్దు, నీళ్ళ తూకం చూడండి" అని ముందే చెప్పండి.

ఆమ్లం అక్కర్లేకుండా అరుగుదల చూసినా చాలా తెలుస్తుంది. చెంచాను బోర్లించి గుంట వెనక, బల్లకు ఆనే చోట చూడండి. ఫోర్కు ముళ్ళ కొసలు, కాడ చివర వెనకవైపు కూడా. అక్కడ పూత అరిగి అడుగు రంగు నాణెమంత బయటపడి ఉంటుంది. చుట్టూ చల్లటి తెలుపు, మధ్యలో లేత ఆకుపచ్చ కలిసిన పసుపు అయితే ఎం-ఎన్-త్స. బూడిద రంగులో సన్నటి గులాబీ ఛాయ అయితే మెల్ఖియోర్. బాగా పసుపైతే ఇత్తడి, ఎరుపైతే రాగి. అలాంటి మచ్చ ఒక్కటి కనిపించినా అది వెండి చెంచా కాదు. మచ్చ ఎక్కడా లేకపోతే రెండు దారులున్నాయి: వాడనిది, లేదా మళ్ళీ పూత వేయించినది. మళ్ళీ వేసినదాంట్లో ముద్ర అక్షరాల అంచులు మొద్దుబారి, గాట్లు పూడుకుపోయినట్టు ఉంటాయి.

మిగతా దేశాలవి కలిసిపోవడం కూడా మామూలే. లాటిన్ అక్షరాలతో 90 లేదా 100 అని ఉంటే జర్మన్ పూత సామాను. 90 అంటే 12 చెంచాలకు, 12 ఫోర్కులకు కలిపి 90 గ్రాముల వెండి పట్టిందని, 90 శాతం వెండి అని కాదు. వార్సా రష్యా సామ్రాజ్యంలో ఉన్న రోజుల్లో అక్కడి ఫ్రాజె, నోర్బ్లిన్ సంస్థలు ఎంత పూత సామాను చేశాయంటే, రష్యన్‌లో "ఫ్రాజె" అన్న మాటే పూత సామానుకు పేరైంది. వాటి మీది రెండు తలల గద్దలు ప్రదర్శనల్లో వచ్చిన గౌరవానికి గుర్తులు, వెండి తనిఖీ ముద్రలు కావు. మరోవైపు, సోవియట్ వస్తువే అయినా ఎగుమతికి చేసినవాటి మీద ఇంగ్లీషులో "మేడ్ ఇన్ యూఎస్ఎస్ఆర్" అని ఉండొచ్చు.

తోమడం, వాడటం

నల్లబడినదాన్ని విభూతితో, పళ్ళపొడితో, ఇత్తడి తోమే పొడితో, చింతపండుతో రుద్దకండి. వెండి గిన్నె ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది, పూత తట్టుకోదు. 20 మైక్రాన్ల పూత అనుకున్నా అది మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ప్రతి రుద్దుడుకూ కొంత పోతుంది, నల్లబడింది వెండే కాబట్టి నలుపుతో పాటు వెండి కూడా పోతుంది.

ప్లాస్టిక్ లేదా గాజు పాత్రలో అల్యూమినియం ఫాయిల్ మెరిసే వైపు పైకి పరచండి. చెంచాలు దానికి తగిలేలా పేర్చండి. లీటరు మరిగిన నీళ్ళకు రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి పోయండి. రెండు మూడు నిమిషాల్లో నలుపు దిగిపోతుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. వెండి మీది గంధకాన్ని అల్యూమినియం లాక్కుంటోందన్నమాట. వెండి ఎక్కడిదక్కడే ఉంటుంది. తీసి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. కత్తుల పిడులను ఇలా ముంచకండి, వేడికి లోపలి పూరకం మెత్తబడి అలుగు వదులవుతుంది. మీ తొడుగు మీద బొమ్మ గుంటల్లో నలుపు కావాలని పెట్టినదైతే దాన్ని కూడా ముంచకండి. ఆ నలుపు పోతే ఉపగ్రహం చదునుగా, పేలవంగా మిగులుతుంది.

పూత నిండుగా ఉన్న చెంచాతో నిక్షేపంగా తినొచ్చు. గుడ్డు, ఆవపిండి తగిలితే నల్లబడుతుంది, అంతే. అడుగు లోహం బయటపడినదాన్ని మాత్రం పులుసు, పెరుగు, ఆవకాయ, నిమ్మకాయ వాటిలో పెట్టకండి. పులుపుకు రాగి, నికెల్ కరుగుతాయి. నికెల్ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త.

వెలకట్టే మాటకొస్తే, కరిగిస్తే వచ్చేది దాదాపు శూన్యం. 20 మైక్రాన్ల లెక్కన చదరపు డెసీమీటరుకు 2 గ్రాముల చిల్లర వెండి, అది తీయడానికి ఆమ్లం ఖర్చే ఎక్కువ. వస్తువుగా, పెట్టెతో, పద్దెనిమిదీ ఒకే నమూనాలో, పూత చెదరకుండా ఉంటేనే కొనేవాళ్ళు అడుగుతారు. కాబట్టి ఒక్కొక్కదాని ముద్ర విడిగా చూడండి. పోయిన చెంచా స్థానంలో వేరే ఏటిది, వేరే ధరతో ఉన్నది చేరడం ఇళ్ళల్లో సహజం. పెట్టె మీది పంచకోణాన్ని నేను గట్టి ఆధారంగా తీసుకోనిది కూడా అందుకే. పెట్టె ఒకటి, లోపలివి ఒకటి కావడం తరచుగా చూస్తాం.

చివరగా, పెట్టె లోపలి గుడ్డ కింద, మూత అరలో వెతకండి. మడిచిన చిన్న కాగితం ఉండొచ్చు. అందులో ఫ్యాక్టరీ పేరు, గోస్త్ సంఖ్య, మొత్తం సెట్టు ధర, "ఓ-టె-కె" అన్న తనిఖీ విభాగం రబ్బరు ముద్ర, దాని పక్కన చాలాసార్లు నెల, ఏడాది ఉంటాయి. కాగితం మీది ఒక్కో చెంచా ధర, లోహం మీది 2 రూబుళ్ళ 50 కలిస్తే ఆ ఏడాదే మీ చెంచాలది. దొరికితే ఆ కాగితం, ఒక చెంచా వెనక ముద్ర, తొడుగు అడుగు, మూడింటినీ పక్కవెలుతురులో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.